చప్పుడు చేసే టైర్లు

ఆ రోజు పొద్దున మనోన్ లేచేసరికి వంటింటి కిటికీ అద్దం మీద మంచు పొర కట్టి ఉంది. గోటితో గీకి చూసింది. వాకిట్లో భర్త సెర్జ్ కారు డేరా ఇనప చట్రంతో కుస్తీ పడుతున్నాడు. మా ఊరు సెన్‌ఫెలిసియెన్‌లో నవంబరు వచ్చిందంటే, కార్ల మీద మంచు పడకుండా ఇంటింటి ముందూ ఈ తెల్ల డేరాలు లేస్తాయి. మొగుళ్ళు చట్రాలు బిగిస్తుంటారు, పెళ్ళాలు కిటికీలోంచి చూసి తప్పులు చెబుతుంటారు. మనోన్ కూడా కిటికీ తెరిచింది.

"సెర్జ్, ఆ కమ్మీ తలకిందులుగా పెట్టావు!"

"నాకు తెలుసు!" అన్నాడు సెర్జ్, తెలియకపోయినా.

మనోన్ కిటికీ మూసి రొట్టెలు కాల్చడానికి పెట్టింది. కింది వాటాలోంచి మెట్లెక్కి వస్తున్న చెప్పుల చప్పుడు వినబడింది. ఆమె తండ్రి రొజేర్. భార్య ఎర్మీన్ పోయాక కూతురింటి కింది వాటాలోకి వచ్చేశాడు. ఉత్తరాన షిబుగమో ఊరికి వెళ్ళే అడవి రోడ్డు మీద ముప్పై ఏళ్ళకి పైగా దుంగల లారీ నడిపిన మనిషి. ఇప్పుడు కారు నడపడం తగ్గించి, నడిపేవాళ్ళకి సలహాలు చెప్పడం పెంచాడు.

"మనోన్, పిల్ల కారుకి టైర్లు కొన్నావా?"

"పలకరించడం మర్చిపోయావు నాన్నా."

"పలకరించాననుకో. కొన్నావా?"

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నావు? గుండ్రంగా ఉన్నాయో లేదోననా?"

పళ్ళు తోముకుంటూ వచ్చిన కొరలీ నురగ నోటితోనే నవ్వింది. మనోన్, సెర్జ్‌ల ఒక్కగానొక్క కూతురు. ఎక్స్‌రేలు తీసే చదువు పూర్తిచేసి షిబుగమో ఆస్పత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. డిసెంబరు మొదటి సోమవారం చేరాలి. వారమంతా అక్కడ, శుక్రవారం సాయంత్రానికి ఇక్కడ. మధ్యలో ఆ రోడ్డు ఉంది. లడొరే అనే పల్లె దాటాక ఇళ్ళుండవు, ఫోను పలకదు. ఉండేదల్లా అడవి, దుంగల లారీలు, రోడ్డుకి అడ్డంగా నిలబడి ఎటూ కదలని పెద్ద దుప్పులు.

కారు కొరలీ తన సంపాదనతోనే కొనుక్కుంది, పాతదే అయినా ఎర్రగా ముచ్చటగా ఉంటుంది. దానికి చలికాలం టైర్లు మాత్రం తనే కొనిస్తానని మనోన్ జూన్‌లోనే అందరి ముందూ మాటిచ్చింది, చదువు పూర్తిచేసినందుకు బహుమతిగా. డిసెంబరు వచ్చాక ఆ టైర్లు లేకుండా బండి రోడ్డెక్కితే మా దగ్గర పోలీసులు ఊరుకోరు. అంటే టైర్లు లేకపోతే ఉద్యోగమూ లేనట్టే.

"మేకుల టైర్లు వెయ్యి, గొడవొదిలిపోతుంది," అన్నాడు రొజేర్ రొట్టె మీద పంది మాంసం ముద్ద పూసుకుంటూ. "ఆ రోడ్డు మీద గాజు మంచు కడుతుంది. రబ్బరు ఎంత మంచిదైనా గాజు మీద ఏం చేస్తుంది? ఇనప మేకు దిగితేనే బండి ఆగుతుంది."

"ఆ మేకుల గోల నేను భరించలేను నాన్నా. ఎదురింటి పిరెట్ కారు వీధిలోకి వస్తుంటే టకటకటకామని, మన అరలో కప్పులు దద్దరిల్లిపోతాయి."

"నువ్వెందుకు భరించడం? నడిపేది అది కదా!"

"ఏవైనా పర్లేదమ్మా," అంది కొరలీ. "నాలుగూ ఒకేలాంటివి ఉంటే చాలు."

"తొందరేముంది, ఇంకా మంచే పడలేదు," అని మనోన్ కాఫీ పోయడంలో పడిపోయింది.

తొందర లేదన్న మాట మనోన్ నోట రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమె హైస్కూలు క్యాంటీను నడుపుతుంది. పిల్లవాడు పళ్ళెం పట్టుకుని రెండు కూరల మధ్య తటపటాయిస్తే, ఆ రెండూ తనే వడ్డించి ముందుకి తోసేసే రకం. సెర్జ్‌ని ఒక్క పాటకి డాన్సు చేసి ఖాయం చేసుకుంది. ఈ ఇల్లు కొన్నప్పుడు పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసి, పడగ్గదులు చూడకుండానే సంతకం పెట్టింది. అలాంటి మనిషి నాలుగు టైర్లు ఎంచడానికి నెల పడుతోంది.

శనివారం తల్లీకూతుళ్ళు టైర్లు చూడ్డానికి పక్క ఊరు రొబెర్వాల్ వెళ్ళారు. షాపులో మనోన్ ఒక్కో టైరునీ బంగాళాదుంపలు ఏరినట్టు ఏరింది. గోరు గుచ్చి రబ్బరు ఎంత మెత్తగా ఉందో చూసింది. పళ్ళ మధ్య సందుల్లో వేలు పెట్టి లోతు చూసింది. పక్కన ముద్రించిన తయారీ సంవత్సరం కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివింది.

"ఇది పోయినేడాదిదండీ."

"మేడమ్, టైరు పాల డబ్బా కాదు, ఏడాదికే విరిగిపోదు," అన్నాడు షాపతను.

"మరి ఆ పక్కదీ?"

"అది మేకుల్లేనిది. మెత్తటి రబ్బరు, ఎంత చలికీ బిగుసుకుపోదు. చప్పుడుండదు."

"గాజు మంచు మీద మేకులంత పట్టుంటుందా?"

"అబద్ధమెందుకు చెప్పాలి, అంత ఉండదు."

"అయితే వద్దు."

"పోనీ మేకులవి ఇస్తాను."

"అవి చప్పుడు చేస్తాయి కదా?"

"చేస్తాయి మేడమ్, మేకులు కదా."

"అయితే వద్దు."

షాపతను కొరలీ వంక చూశాడు. కొరలీ మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి జున్ను వేసిన వేయించిన బంగాళాదుంప ముక్కలు తిన్నారు. మనోన్ ఫోర్కుతో ఒక ముక్కని అటూ ఇటూ తిప్పుతూ, "రొబెర్వాల్ ఆస్పత్రిలో కూడా ఎక్స్‌రేలు తీస్తారుగా," అంది.

"అక్కడ ఖాళీల్లేవమ్మా. ఉన్నా నేను షిబుగమోకే వెళ్తాను. శిక్షణకి వెళ్ళినప్పుడే నాకా ఊరు నచ్చింది. నా పేరు చెప్పి, నేనే కావాలని అడిగారు తెలుసా?"

"తెలుసు. చలికాలంలో అక్కడ మైనస్ నలభై అట."

"ఇక్కడేమన్నా మామిడిపళ్ళు కాస్తున్నాయా?"

మనోన్ నవ్వింది. నవ్వి, కూతురి పళ్ళెంలోకి తన ముక్కలు కూడా తోసేసింది.

ఎట్టకేలకి ఆ ఆదివారం మనోన్ తీర్పు చెప్పింది. మేకుల్లేనివే, లిజెట్ గారేజీలో, వచ్చే గురువారం. రొజేర్ గొణిగాడుగానీ, ఏదో ఒకటి తేలినందుకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గురువారం వచ్చింది. టైర్లు ఇంకా రాలేదట అంది మనోన్. మరోరోజు చెప్పారు. ఆ రోజు గారేజీలో యంత్రం చెడిపోయిందట. ఇంకోరోజు చెప్పారు. మెకానిక్కి నడుం పట్టేసిందట.

"ఆ గారేజీ మీద ఎవరిదో కన్ను పడింది పాపం," అన్నాడు సెర్జ్ జాలిగా. పెళ్ళాం మాట అనుమానించడం అతనికి అలవాటు లేదు.

అంతలో మంచు పడింది. మా దగ్గర మొదటి మంచుకి పద్ధతి ఒకటుంది. సాయంత్రం దాకా టైర్ల మాటే ఎత్తని ఊరు, తెల్లారేసరికి గారేజీల ముందు బారులు తీరుతుంది. ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందరిలోకీ హాయిగా ఉన్నవాడు రొజేర్. తన పాత కారుకి ఆగస్టులోనే, చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళి, రోజు ఖాయం చేసుకున్నాడు. బారులో నిలబడ్డవాళ్ళందరినీ పేరుపేరునా పలకరిస్తూ లిజెట్ గారేజీలోకి దర్జాగా నడిచాడు.

లిజెట్ ఆయన ఈడుదే. బొంగురు గొంతు, జుట్టు ముడిలో పెన్సిలు. మొగుడు పోయాక గారేజీ తనే నడుపుతోంది.

"రొజేర్, మీ అమ్మాయికి ఒంట్లో బాగోలేదా ఏంటి?"

"గుండ్రాయిలా ఉంది. ఏం?"

"ఏం లేదు, పిల్ల కారుకి రోజు తీసుకోవడం, తీరా ముందురోజు రద్దు చెయ్యడం. మూడుసార్లు! నిన్న కూడా ఫోను చేసి వద్దంది."

"అదేంటి, టైర్లు రాలేదన్నారటగా?"

"ఎవరన్నారు? వచ్చి వెనక గదిలో కూర్చున్నాయి. నా కుక్క వాటి మీదే పడుకుంటోంది."

"మరి యంత్రం చెడిపోయిందనీ..."

"నా యంత్రమా?" లిజెట్ గొంతు ఇంకా బొంగురుపోయింది. "నా యంత్రాన్ని అన్నదెవరు?"

కుర్చీల్లో కాఫీ తాగుతున్న వాళ్ళంతా తాగడం ఆపారు. పెళ్ళి రద్దు చేసుకున్నవాళ్ళని మా ఊరు అర్థం చేసుకుంటుంది. నవంబరులో టైర్ల రోజు రద్దు చేసుకున్నవాళ్ళని మాత్రం అర్థం చేసుకోలేదు. రొజేర్ నోటి వెంట చర్చిలో ఉండే సామాన్లన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. మా వాళ్ళ తిట్లన్నీ అవేగా.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మనోన్ టూర్టియేర్ చేసింది. రెండు మూడు రకాల మాంసం, బంగాళాదుంప ముక్కల మీద పిండి పొర కప్పి, రాత్రంతా సన్నని సెగ మీద మగ్గబెట్టింది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. సెర్జ్ పళ్ళేలు సర్దాడు. కొరలీ షిబుగమోలో తను అద్దెకి తీసుకున్న గది గురించి చెబుతోంది. రొజేర్ కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాడు. ఆయన టూర్టియేర్ ముందు చేతులు కట్టుకున్నాడంటే ఏదో జరిగిందన్నమాట.

"లిజెట్ యంత్రం బాగానే తిరుగుతోంది మనోన్," అన్నాడు.

మనోన్ చేతిలో గరిటె ఆగింది.

"మెకానిక్కి నడుం కూడా బాగానే ఉంది. నా ముందే రెండు టైర్లు రెండు చేతులతో ఎత్తాడు. టైర్లు వచ్చి ఎన్నాళ్ళో అయిందట. నువ్వే ప్రతిసారీ ఫోను చేసి రద్దు చేశావట. ఇప్పుడిక క్రిస్మస్ దాకా ఖాళీ లేదంది. ఊళ్ళో ఏ గారేజీలోనూ లేదు, నేను అన్నీ తిరిగొచ్చాను."

కొరలీ తల్లి వంక చూసింది. ఆ మొహంలో నవ్వు వెతికింది, దొరకలేదు.

"నిజమేనా అమ్మా?"

"పళ్ళెం ఇటివ్వు, చల్లారిపోతుంది."

"నాకు తిండొద్దు. నిజమేనా?"

"నిజమే."

కొరలీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను వెళ్ళడం ఇష్టం లేకపోతే నోరు తెరిచి వెళ్ళొద్దని చెప్పు. తిట్టు. పోట్లాడు. పోట్లాడటం నీకు రాదా ఏంటి? బహుమతి ఇస్తానని చెప్పి, ఇన్నాళ్ళూ నన్ను షాపుల చుట్టూ తిప్పి, ఇలా దొంగచాటుగా..."

"వెళ్ళొద్దంటే ఆగిపోతావు!" మనోన్ గట్టిగా అరిచింది. అరిచాక తన గొంతుకి తనే బెదిరినట్టు కూర్చుండిపోయింది. "నేను ఒక్కసారి అడిగితే నువ్వు ఆగిపోతావే. నాకు తెలుసు. ఆగిపోతే జన్మలో నా మొహం నేను చూసుకోలేను. అందుకే అడగలేదు. అడక్కుండా ఉండాలంటే చేతులు ఊరుకోలేదు, ఫోను తీశాను."

"అంత భయమేంటి మనోన్, ఆ రోడ్డంటే?" అన్నాడు రొజేర్. కోపం తగ్గి, నిజంగానే అర్థంకాక అడిగాడు. "ముప్పై ఏళ్ళు నడిపాను. ఒక్కసారి కూడా బండి గోతిలో పడలేదు. నాకేం భయం వెయ్యలేదు."

"నీకెందుకు వేస్తుంది నాన్నా? నువ్వు లారీలో ఉన్నావు. మేం కిటికీలో ఉన్నాం."

సెర్జ్ తలెత్తి చూశాడు. పాతికేళ్ళ కాపురంలో ఈ మాట అతనూ ఎప్పుడూ వినలేదు.

"నువ్వొచ్చే రోజు సాయంత్రం అమ్మ బంగాళాదుంపలు ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. కూర్చుని చెక్కు తీసేది. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకో నాలుగు తీసేది, ఇంకో నాలుగు తీసేది. నోటితో ఏమీ అనేది కాదు. గిన్నె నిండిందంటే నువ్వు ఆలస్యమని మాకు అర్థమయ్యేది. గిన్నె నిండి బాల్చీ తెచ్చిందంటే మేం పిల్లలం గొడవ చెయ్యడం మానేసి గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళం. ఖాళీ లారీకి వేలాడే నీ దుంగల గొలుసులు వంతెన మీద గలగలమనేవి చూడు, ఆ చప్పుడు వినగానే అమ్మ చాకు కింద పెట్టేది. అప్పుడు లేచి పొయ్యి వెలిగించేది."

రొజేర్ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"బంగాళాదుంపలు," అన్నాడు.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన పాత హాస్యం అది. ఎర్మీన్‌కి వంటలో చెయ్యి తిరిగినా కొలత రాదని, నలుగురున్న ఇంట్లో ఊరందరికీ సరిపడా బంగాళాదుంపలు చెక్కు తీస్తుందని రొజేర్ జీవితాంతం ఏడిపించాడు. ఇంట్లో అడుగు పెడుతూనే గిన్నెలోకి చూసి, "ఏమే, సైన్యం వస్తోందా?" అనేవాడు. ఎర్మీన్ నవ్వి ఊరుకునేది. పెళ్ళిళ్ళలో చెప్పాడు, దుంగలు దించే మిల్లులో చెప్పాడు. ఆవిడ పోయిన రోజు చర్చిలో కూడా చెప్పాడు, జనమంతా కన్నీళ్ళ మధ్య నవ్వారు.

"కొలత రాదనుకున్నాను," అన్నాడు. "మనోన్, మీ అమ్మ... మీ అమ్మ నాకు ఒక్కసారి చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు తొందరపడి తోలేవాడివి. అందుకే చెప్పలేదంది. పోయేముందు నేనడిగాను."

రొజేర్ రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లారీ అద్దం పగిలి చెయ్యి తెగినప్పుడు కూడా ఏడవని మనిషి, మనవరాలి ముందు పళ్ళెం మీదకి వంగి ఏడ్చాడు. మనోన్ లేచి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. కొరలీ వచ్చి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. సెర్జ్‌కి ఎవరి వీపూ దొరక్క, లేచి అందరికీ టూర్టియేర్ వడ్డించాడు.

కాసేపటికి కొరలీ ముక్కు తుడుచుకుంది. "అమ్మా, నేను వెళ్తాను."

"వెళ్ళాలి."

"అక్కడ బయల్దేరేముందు ఫోను చేస్తాను. దారిలో పలకదు, అది మన చేతుల్లో లేదు."

"ఊఁ."

"మరి టైర్లు?"

మనోన్ కళ్ళు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత మళ్ళీ తన గొంతుతో మాట్లాడింది. "ఆ సంగతి నాకొదిలెయ్. ఆ చివర సగం టూర్టియేర్ ఎవరూ ముట్టుకోకండి."

సోమవారం పొద్దున్నే మూత పెట్టిన పెద్ద గిన్నె పట్టుకుని మనోన్ లిజెట్ గారేజీలో బారు తప్పించుకుని ముందుకెళ్ళింది. బారులోవాళ్ళు గొణిగారు. ఆమెవరో పోల్చుకుని ఇంకాస్త గొణిగారు.

లిజెట్ తలెత్తలేదు. "ఏంటి, నాలుగోసారి రద్దు చెయ్యడానికి స్వయంగా వచ్చావా? నా యంత్రానికి ఇవాళ ఏం జబ్బు?"

"తప్పయిపోయింది లిజెట్. నీ యంత్రం బంగారం. క్రిస్మస్ దాకా ఖాళీ లేదన్నావట."

"లేదు."

"మీరు మధ్యాహ్నం భోజనానికి ఆగుతారుగా?"

"ఆగుతాం. మేమూ మనుషులమే."

మనోన్ గిన్నె మూత కొంచెం తీసింది. ఆవిరి పైకి లేచింది. వెనకనుంచి మెకానిక్ టైరు అక్కడే వదిలేసి వచ్చి నిలబడ్డాడు. లిజెట్ వాసన చూసింది. బారు వంక చూసింది. మళ్ళీ గిన్నె వంక చూసింది.

"దీంట్లో దుప్పి మాంసం ఉందా?"

"ఉంది. సెర్జ్ అక్టోబరులో వేటాడి తెచ్చినదే."

"మధ్యాహ్నం కారు తీసుకురా. మేం వంతులవారీగా తింటాం," అంది లిజెట్. "నీ మేకుల్లేని టైర్లు ఉన్నాయి, కుక్క బొచ్చు దులిపి వేస్తాను."

"అవి మార్చాలి," అంది మనోన్. "మేకులవి కావాలి. మేకుల్లో ఏది ఎక్కువ చప్పుడు చేస్తుంది?"

లిజెట్ జుట్టులోంచి పెన్సిలు తీసింది. "తక్కువ చప్పుడు చేసేదా?"

"ఎక్కువ."

"మనోన్, మా ఆయన ఉన్నప్పట్నించీ ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఎక్కువ చప్పుడు కావాలని అడిగినవాళ్ళు నువ్వు తప్ప ఒక్కరు లేరు."

"ఉందా లేదా?"

"ఉంది. అది తారు మీద వెళ్తుంటే చర్చిలో పాదరీ ప్రసంగం ఆపేస్తాడు. పట్టు మాత్రం దానికి తిరుగులేదు."

"అదే," అంది మనోన్. అంతే, ఒక్క మాట. ఇల్లు కొన్నప్పుడు కూడా అంతే.

మధ్యాహ్నం నాలుగు చక్రాలకీ నాలుగూ బిగించారు. సాయంత్రం రొజేర్ మనవరాలి పక్కన కూర్చుని ఖాళీ మైదానంలో కారు తిప్పించాడు. గాజు మంచు మీద బ్రేకు తొక్కి నిలబడకూడదనీ, బండి జారితే వెళ్ళాల్సిన వైపే చూడాలనీ, ఎదురుగా దుంగల లారీ వస్తే అది లేపే మంచు పొగలో కంగారు పడకుండా కుడి అంచు పట్టుకోవాలనీ చెప్పాడు. చివరికి, "నువ్వు తొందరపడి తోలకు. ఇంట్లో ఎవరూ నీ కోసం కనిపెట్టుకుని కూర్చోరు," అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

డిసెంబరు మొదటి ఆదివారం కొరలీ బయల్దేరింది. వెనక సీటు నిండా దుప్పట్లు, బ్లూబెర్రీ జాము సీసాలు, డిక్కీలో పార, ఇసక సంచి. మనోన్ ఏడవలేదు. కారు వెనక ఉన్న మంచు పొర తుడిచి, టైరుని కాలితో ఒకసారి తన్ని చూసి, "వెళ్ళు," అంది. కొరలీ హారన్ కొట్టింది. వీధి మలుపు తిరిగేదాకా టకటకా వినబడుతూనే ఉంది. ఎదురింటి పిరెట్ కిటికీ తెరిచి, ఇన్నాళ్ళకి తనని మించినవాళ్ళు వచ్చారని సంతోషపడింది.

శుక్రవారం వచ్చింది. బయల్దేరుతున్నానని కొరలీ ఫోను చేసింది. అక్కణ్ణించి ఫోను మూగబోయింది. ఆ సాయంత్రం మున్సిపాలిటీ బండి వీధిలో మంచు గీకి వెళ్ళిపోయింది, తారు నల్లగా బయటపడింది. మనోన్ క్యాంటీను నుంచి వచ్చి కోటు విప్పింది. బంగాళాదుంపల సంచి తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. కొంతసేపటికి కింది మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. రొజేర్ వచ్చి, గిన్నె వంక చూసి, ఏమీ అనకుండా సొరుగులోంచి ఇంకో చాకు తీసుకున్నాడు. కుర్చీ లాక్కుని కూతురి పక్కన, కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకి ఆ పని చేతకాదు. తొక్కతో పాటు సగం దుంప పోతోంది.

"ఎంతసేపు తియ్యాలి?" అన్నాడు.

"వచ్చేదాకా."

"కష్టమే," అన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. మరి కాసేపటికి, "ఇది లారీ నడపడం కంటే కష్టం మనోన్," అన్నాడు.

గిన్నె నిండింది. సెర్జ్ వచ్చి చూసి, అడక్కుండానే బాల్చీ తెచ్చి పెట్టాడు. పెట్టి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాడు. వంతెన వైపు నుంచి ఒక లారీ వెళ్ళింది. ఇంకేదో కారు మెత్తగా వెళ్ళింది. రొజేర్ చాకు ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం మనోన్ చూస్తూనే ఉంది.

అప్పుడు వీధి చివర నుంచి వినబడింది. టక టక టక టక. అరలో కప్పులు గలగల్లాడాయి. మనోన్ చాకు కింద పెట్టింది. రొజేర్ కూడా పెట్టాడు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు జారి తొక్కల మీద పడుతున్నా తుడుచుకోలేదు. మనోన్ లేచి పొయ్యి వెలిగించింది.

తలుపు తోసుకుని చలిగాలితో పాటు కొరలీ వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూ ముందు గిన్నెలోకి, తర్వాత బాల్చీలోకి చూసింది. కావాలనే అందో, నోటికొచ్చి అందో తెలియదు.

"ఏంటి తాతా ఇది? సైన్యం వస్తోందా?"

"వచ్చేసింది," అన్నాడు రొజేర్, మనవరాలి చేతిలో సంచి అందుకుంటూ. "కూర్చోండి, తిందాం."